చిట్టాలో నిలిచిన నూరు: 1962 నాటి ఒక ఆట లెక్క

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గంవారు అడిగారు. రాజులను గురించీ, కోటలను గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగమంతా లెక్కల విభాగంలో చేసినవాడిని. వోచరు చూడడం, పద్దు చూడడం, అడ్డం కూడిక నిలువు కూడికతో కలిసిందా లేదా అని చూడడం, ఇదే నాకు తెలిసిన విద్య. కనుక ముఖ్యంగా కాగితం మీది అంకెలుగా మిగిలిన ఒక చరిత్రను మీ ముందు పెడుతున్నాను. ఇది మన దేశపు సంగతి కాదు. అమెరికాలో ఒక చిన్న ఊళ్లో జరిగిన బాస్కెట్‌బాల్ ఆట. అయినా చదివిన తరువాత ఇది మనకూ పట్టిన సంగతేనని మీరు ఒప్పుకుంటారని నమ్ముతున్నాను.

1962 మార్చి 2వ తేదీ రాత్రి విల్ట్ ఛాంబర్లేన్ అనే ఆటగాడు ఒకే ఆటలో నూరు పాయింట్లు చేశాడు. అమెరికాలో వృత్తిగా బాస్కెట్‌బాల్ ఆడేవారి పెద్ద పోటీని ఎన్.బి.ఏ. అంటారు. దాని చరిత్రలో ఒక ఆటగాడు ఒక ఆటలో నూరు చేయడం అదొక్కసారే జరిగింది. 2006 జనవరి 22న కోబీ బ్రయంట్ అనే మేటి ఆటగాడు టొరంటో జట్టు మీద 81 పాయింట్లు చేస్తే క్రీడాలోకం నివ్వెరపోయింది. అదీ నూరుకు పందొమ్మిది తక్కువే.

విచిత్రమేమంటే, ఛాంబర్లేన్ నూరు చేసిన ఆటను టెలివిజన్‌లో చూపలేదు. దాని కదిలే బొమ్మ ఏదీ మనకు దక్కలేదు. అందువల్ల "నిజంగా జరిగిందా?" అని అడిగేవారు ఈనాటికీ ఉన్నారు. దానికి జవాబు ఆ రాత్రి స్కోరు బల్ల దగ్గర కూర్చుని చేత్తో రాసిన లెక్కలో ఉంది.

ఆట జరిగిన చోటు

పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెర్షీ అనేది చాక్లెట్ల తయారీకి పేరుపడ్డ ఊరు. ఫిలడెల్ఫియా వారియర్స్ జట్టువారు తమ సొంత ఆటల్లో కొన్నిటిని అక్కడి స్పోర్ట్స్ అరీనాలో ఆడేవారు. ఆ రాత్రి ఎదుటి జట్టు న్యూయార్క్ నిక్స్. ఆ ఏడు వారి ఆట బాగా లేదు. 80 ఆటల్లో 29 మాత్రమే గెలిచారు. సీజను ముగింపుకు వచ్చింది. ఎవరు గెలిచినా పెద్ద తేడా పడని ఆట కావడంతో వచ్చిన ప్రేక్షకులు 4,124 మంది. హాలులో దాదాపు సగం ఖాళీ.

ఛాంబర్లేన్‌కు అప్పటికి పాతికేళ్లు. ఎత్తు ఏడడుగుల ఒక అంగుళం. ఆ సీజనులో 80 ఆటలు ఆడి 4,029 పాయింట్లు చేశాడు. అంటే ఆటకు సగటున 50.4. అంతకు ముందు 1961 డిసెంబరు 8న 78 పాయింట్లు చేసి రికార్డు నెలకొల్పినవాడూ అతనే. అయితే ఆ ఆట మూడుసార్లు అదనపు సమయం ఆడవలసి వచ్చిన ఆట.

ఈ ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఆట నిడివి 48 నిమిషాలు. పన్నెండేసి నిమిషాల నాలుగు భాగాలు. బంతి బుట్టలో పడితే రెండు పాయింట్లు. ఎదుటివాడు తప్పుగా అడ్డుకుంటే ఫౌల్. ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డురాకుండా నిలబడి వేసే బంతిని ఫ్రీ త్రో అంటారు. అది పడితే ఒక పాయింటు. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు ఇచ్చే పద్ధతి ఎన్.బి.ఏ.లో 1979-80లో గాని రాలేదు. కనుక 1962లో నూరు చేయాలంటే రెండ్లతోనూ ఒకట్లతోనూ కూడబెట్టుకోవలసిందే.

లెక్క సరిచూద్దాం

ఆట అయ్యాక ప్రతి ఆటగాడి పేరుకెదురుగా అంకెలు వేసి తయారుచేసే పట్టికను బాక్స్ స్కోర్ అంటారు. ఆ రాత్రి ఫిలడెల్ఫియా తరఫున పాయింట్లు చేసినవారి పద్దు ఇది:

విల్ట్ ఛాంబర్లేన్: బుట్టకు 63 వేసి 36 పడ్డాయి; ఫ్రీ త్రోలు 32 వేసి 28; మొత్తం 100.
ఆల్ ఆటిల్స్: 8 వేసి 8, ఫ్రీ త్రో 1 వేసి 1, మొత్తం 17.
పాల్ అరిజిన్: 18 వేసి 7, ఫ్రీ త్రోలు 2 వేసి 2, మొత్తం 16.
టామ్ మెషరీ: 12 వేసి 7, ఫ్రీ త్రోలు 2 వేసి 2, మొత్తం 16.
గై రాడ్జర్స్: 4 వేసి 1, ఫ్రీ త్రోలు 12 వేసి 9, మొత్తం 11.
యార్క్ లరీస్: 5 వేసి 4, ఫ్రీ త్రో 1 వేసి 1, మొత్తం 9.

వీరుగాక ఎడ్ కాన్లిన్, జో రక్లిక్, టెడ్ లకెన్‌బిల్ కూడా బరిలో దిగారు గాని ఒక్క పాయింటూ చేయలేదు.

పాత అలవాటు ఎక్కడికి పోతుంది? పట్టిక కనబడగానే పెన్సిలు తీసుకున్నాను. బుట్టలో పడ్డవి 36, 8, 7, 7, 1, 4 కలిపితే 63. రెండేసి చొప్పున 126. ఫ్రీ త్రోలు 28, 1, 2, 2, 9, 1 కలిపితే 43. రెండూ కలిపి 169. స్కోరు బోర్డు మీద ఫిలడెల్ఫియా మొత్తం కూడా 169. న్యూయార్క్‌వారు 57 బుట్టలు, 33 ఫ్రీ త్రోలు వేశారు. 114కు 33 కలిపితే 147. అదీ సరిపోయింది. భాగాలవారీగా చూస్తే ఛాంబర్లేన్ మొదటి భాగంలో 23, రెండో భాగంలో 18, మూడో భాగంలో 28, నాలుగో భాగంలో 31 చేశాడు. కూడితే సరిగ్గా నూరు. ఏ వైపు నుంచి కూడినా పైసా తేడా లేదు.

ఆడిటు చేసినవారికి కన్ను ఆగే పద్దులు కొన్ని ఉంటాయి. ఇందులో నాకు రెండు కనబడ్డాయి.

మొదటిది ఛాంబర్లేన్ ఫ్రీ త్రోల పద్దు. ఫ్రీ త్రోల్లో అతను బలహీనుడని పేరు. ఆ సీజను మొత్తం మీద నూటికి 61 మాత్రమే పడ్డాయి. ఈ ఒక్క రాత్రి 32కు 28, అంటే నూటికి 87కు పైగా. ఇంత తేడా ఎలా వచ్చింది? ఆ రోజుల్లో అతను రెండు చేతులతో బంతిని మోకాళ్ల దగ్గర నుంచి పైకి విసిరే పద్ధతి పట్టాడు. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుందని చాలామంది ఆటగాళ్లు దాని జోలికి పోయేవారు కాదు. ఆ రాత్రి ఆ పద్ధతి కలిసివచ్చింది. ఒక ఆటలో 28 ఫ్రీ త్రోలు వేసిన ఆ లెక్కను 1984లో ఏడ్రియన్ డాంట్లీ సమం చేశాడు.

రెండోది గై రాడ్జర్స్ పద్దు. అతను బుట్టకు వేసినవి నాలుగే. కాని ఫ్రీ త్రోలు పన్నెండు వేశాడు. బుట్ట వైపు పెద్దగా వేయని మనిషి మీద ఇన్ని ఫౌళ్లు ఎందుకు జరిగాయి? ఆట చివరి భాగంలో జరిగినది తెలిస్తే ఇది అర్థమవుతుంది. మూడో భాగం ముగిసేసరికి ఛాంబర్లేన్ 69 చేశాడు. జనం అతనికే బంతి ఇమ్మని అరవడం మొదలుపెట్టారు. మైకులో డేవ్ జింకాఫ్ అనే ప్రకటనకర్త బుట్ట పడినప్పుడల్లా అతని పాయింట్ల సంఖ్య చెప్పసాగాడు. తమ మీద నూరు పడడం న్యూయార్క్‌వారికి నామోషీ. బంతి ఛాంబర్లేన్‌కు చేరకుండా మిగతా ఆటగాళ్లను కావాలని ఫౌల్ చేయసాగారు. బంతి తిరిగి తమ చేతికి రావాలని ఫిలడెల్ఫియావారూ న్యూయార్క్‌వారిని ఫౌల్ చేశారు. ఇది ఆట కాదు, ప్రహసనం అని ఎదుటి జట్టులో కొందరు తరువాత విసుక్కున్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. మంచిచెడ్డలు రెండూ ఆ ఫ్రీ త్రోల గడిలోనే దాగి ఉన్నాయి.

ఓడినవారి పద్దు కూడా చూడాలి గదా. న్యూయార్క్ తరఫున రిచీ గెరిన్ 39, క్లీవ్‌లాండ్ బక్నర్ 33, విల్లీ నాల్స్ 31 చేశారు. ముగ్గురూ కలిసి 103. మరో రాత్రి అయితే ఇందులో ఏ ఒక్కటైనా పత్రికల్లో శీర్షికకు ఎక్కేది. ఛాంబర్లేన్‌ను కాయవలసిన డారల్ ఇమ్‌హాఫ్ ఇరవై నిమిషాలకే ఆరు ఫౌళ్లు పూర్తయి బయట కూర్చున్నాడు.

లెక్క రాసిన మనిషి

ఈ అంకెలు మనకు దక్కడానికి కారకుడు హార్వే పోలాక్. ఫిలడెల్ఫియా జట్టుకు ప్రచార వ్యవహారాలు చూసేదీ, ఆట లెక్క రాసేదీ ఆయనే. ఆ రాత్రి హెర్షీకి వచ్చిన విలేకరులు బహు తక్కువ. అందువల్ల తన ఉద్యోగం చేస్తూనే ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికకూ, రెండు వార్తాసంస్థలకూ కూడా ఆయనే వార్త పంపవలసి వచ్చింది. నూరో పాయింటు పడినప్పుడు ఆటలో ఇంకా 46 సెకన్లు మిగిలి ఉన్నాయి. జనం ఒక్కసారిగా బరిలోకి దూకారు.

ఆట ముగిశాక పోలాక్ ఒక కాగితం తీసుకుని దాని మీద 100 అని పెద్దగా రాసి ఛాంబర్లేన్ చేతికిచ్చాడు. పాల్ వాథిస్ అనే వార్తాసంస్థ ఫోటోగ్రాఫరు ఆ రాత్రి డ్యూటీ మీద రాలేదు. కొడుకును వెంటబెట్టుకుని ఆట చూడడానికి వచ్చినవాడు. చరిత్ర జరుగుతున్నదని గ్రహించి కారులో ఉన్న కెమెరా తెచ్చుకున్నాడు. ఆ కాగితం పట్టుకుని కూర్చున్న ఛాంబర్లేన్ ఫోటో లోకప్రసిద్ధమైనది. కెన్నెడీ, ఐసెన్‌హోవర్ ఇద్దరూ కలిసి నడుస్తున్న ఫోటోకు అదే 1962లో పులిట్జర్ బహుమతి పొందినది కూడా ఈ వాథిసే.

ఇంకొక సాక్ష్యం రేడియో. బిల్ క్యాంప్‌బెల్ చెప్పిన వ్యాఖ్యానంలో చివరి భాగం మాత్రం దక్కింది. ఆ రాత్రి పొద్దుపోయాక రేడియోవారు దాన్ని తిరిగి వినిపించినప్పుడు ఒక విద్యార్థి తన టేపు మీద పట్టుకోబట్టి అది నిలిచింది. అమెరికా జాతీయ గ్రంథాలయం దాన్ని 2016లో భద్రపరచవలసిన ధ్వనిముద్రణల జాబితాలో చేర్చింది.

పోలాక్ ఆ లీగు 1946లో పుట్టిన సీజను నుంచి లెక్కలు రాస్తూనే ఉన్నాడు. 2015లో 93వ ఏట కన్నుమూసేవరకూ ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్‌తో ఆయన ఉద్యోగబంధం తెగలేదు. మనకు 58కీ 60కీ సెలవిచ్చేశారు. ఆయనకు ఆ బెడదే లేదు!

మన క్రికెట్ అభిమానులకు ఇటువంటి కథ తెలిసినదే. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద మన జట్టు 17 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకున్న స్థితిలో కపిల్ దేవ్ 138 బంతుల్లో 175 నాటౌట్ చేశాడు. దానికీ వీడియో లేదు. పదహారు ఫోర్లు, ఆరు సిక్సర్లు అని స్కోరు పుస్తకం చెబితేనే మనం చెప్పుకుంటున్నాం. అయితే ఆ పుస్తకంలోనే మరో చివర సయ్యద్ కిర్మాణీ 24 నాటౌట్ అని కూడా ఉంది. తొమ్మిదో వికెట్‌కు 126 పరుగులు చేరేదాకా ఆయన నిలబడ్డాడు. ఆ 24 లేకపోతే ఆ 175 ఎక్కడిది? ఇక్కడి నుంచే నేను అసలు చెప్పదలచిన సంగతికి వస్తున్నాను.

గడి లేని పని

ఛాంబర్లేన్ పేరు తెలిసినవారిలో ఆల్ ఆటిల్స్ పేరు ఎందరికి తెలుసు? ఆ రాత్రి అతను వేసిన ఎనిమిదికి ఎనిమిదీ పడ్డాయి, ఫ్రీ త్రో కూడా పడింది. పొరపాటు అన్నది లేని పద్దు. ప్రధానంగా ఎదుటివారిని అడ్డుకోవడంలో పేరున్న ఆటగాడికి అంతటి రాత్రి మళ్లీ మళ్లీ రాదు. వచ్చిన రాత్రే పక్కన ఇంకొకడు నూరు చేశాడు!

గై రాడ్జర్స్ చేసిన పాయింట్లు పదకొండే. కాని అతని పేరుకెదురుగా అసిస్టుల గడిలో 20 అని ఉంది. తాను అందించిన బంతితో తోటివాడు బుట్ట వేస్తే, అందించినవాడికి రాసే గుర్తు అసిస్టు. జట్టు వేసిన 63 బుట్టల్లో ఇరవై ఇతని చేతి మీదుగా వెళ్లినవి. రాడ్జర్స్ 2001లో పోయాడు. బాస్కెట్‌బాల్ మహనీయుల జాబితాలో అతని పేరు చేరినది 2014లో.

జో రక్లిక్ కథ నాకు అన్నిటికంటే నచ్చింది. ఛాంబర్లేన్‌కు బదులుగా ఆడవలసిన ఆటగాడు అతను. ఛాంబర్లేన్ ఆ సీజనులో దాదాపు ఏ ఆటలోనూ బయట కూర్చోలేదు గనుక రక్లిక్‌కు అవకాశాలు బహు తక్కువ. ఆ రాత్రి ఒక బంతి వేశాడు, పడలేదు. రెండు ఫ్రీ త్రోలు వేశాడు, అవీ పడలేదు. కాని చివరి నిమిషంలో లకెన్‌బిల్ పట్టుకున్న బంతి రక్లిక్ చేతికి వచ్చింది, అతను దాన్ని ఛాంబర్లేన్‌కు అందించాడు. అదే నూరో పాయింటు. జనమంతా ఛాంబర్లేన్ వైపు పరుగెత్తుతుంటే రక్లిక్ స్కోరు బల్ల వైపు పరుగెత్తాడు. తన అసిస్టు చిట్టాలో ఎక్కిందా లేదా అని చూసుకోవడానికి! ఎక్కింది. రక్లిక్ పేరుకెదురుగా అసిస్టు 1 అని ఈనాటికీ ఉంది.

కొందరికి ఇది నవ్వులాటగా తోచవచ్చు. సర్వీసు రిజిస్టరు విలువ తెలిసిన మనం నవ్వలేం. నాకు తెలిసిన ఒక సహోద్యోగి మొదట రెండేళ్లు చేసిన సర్వీసు రిజిస్టరులో ఎక్కలేదు. పేరూ ఊరూ కార్యాలయమూ ఇక్కడ అనవసరం. రిటైరైన తరువాత ఆ రెండేళ్ల కోసం ఎన్ని మెట్లు ఎక్కి దిగాడో ఆయనకే తెలుసు. చివరికి ఆదుకున్నది పాత ఆక్విటెన్స్ రోలులో జీతం తీసుకున్నట్టు ఆయన పెట్టిన సంతకం. మనిషి పనిచేయడం అందరూ కళ్లారా చూశారు; చూసినవారి మాట చాల్లేదు, కాగితం మీది సంతకం చాలింది.

అయితే చిట్టాకు ఒక హద్దుంది. గడి గీసిన సంగతే అందులో ఎక్కుతుంది. ఆ రాత్రి ఎదుటివారు వేసిన బంతుల్లో ఛాంబర్లేన్ ఎన్నిటిని గాలిలోనే అడ్డుకున్నాడు? చిట్టా చెప్పదు. ఎవరెవరు ఎన్నిసార్లు ఎదుటివారి చేతిలోని బంతి లాక్కున్నారు? అదీ చెప్పదు. ఆ రెండు సంగతులకూ ఎన్.బి.ఏ. లెక్కల్లో గడులు గీసినది 1973-74 సీజను నుంచి. ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నారన్న గడి ఆటగాళ్లకు 1977-78లో వచ్చింది. అంతకు ముందు ఆ పనులు జరగలేదని కాదు. గడి లేదు, అంతే. ఛాంబర్లేన్ 1973 వరకూ ఆడాడు. అతను ఆట మానిన తరువాతే బంతి అడ్డుకున్న లెక్క రాయడం మొదలైంది.

మన ఉద్యోగాల్లోనూ గడి లేని పనులు ఎన్ని లేవు! మార్చి 31 రాత్రి లెక్కలు ముగిసేదాకా, కరెంటు పోతే పెట్రోమాక్స్ దీపం పట్టుకుని రిజిస్టర్లు అందించిన అటెండరు పేరు ఏ వార్షిక నివేదికలో ఉంది? కొత్తగా చేరిన గుమాస్తాకు ఫైలు పెట్టడం నేర్పిన పెద్ద గుమాస్తా శ్రమ ఏ రహస్య నివేదికలో ఎక్కింది? మనం తెచ్చిన జీతంతో నెలాఖరు దాకా ఇల్లు గడిపిన ఇల్లాళ్లకు సర్వీసు రిజిస్టరే లేదు. మనలో చాలామందికి వచ్చిన మంచిపేరు వెనుక రాడ్జర్సులూ రక్లిక్కులూ ఉన్నారు.

విల్ట్ ఛాంబర్లేన్ 1999 అక్టోబరు 12న, 63వ ఏట మరణించాడు. ఆ జట్టు 1962లోనే శాన్‌ఫ్రాన్సిస్కోకు తరలిపోయింది, అదే ఈనాటి గోల్డెన్ స్టేట్ వారియర్స్. రక్లిక్ 2020లో, ఆటిల్స్ 2024లో కాలం చేశారు. మనుషులు వెళ్లిపోతున్నారు. ఎనిమిదికి ఎనిమిది, ఇరవై, ఒకటి అన్న అంకెలు మాత్రం నూరు పక్కనే చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఇక మన సంఘ సభ్యులకు నావి రెండు మనవులు. మొదటిది, మీ పెన్షను కాగితాలు ఒకసారి తీసి, కుటుంబ పెన్షనుకు రాసిన పేరూ పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఇంట్లోవారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. తప్పుంటే ఇప్పుడే దిద్దించుకోండి. మన తరువాత ఆ బల్ల దగ్గరికి పరుగెత్తవలసినది వారు. రెండోది సంపాదకవర్గంవారికి. వచ్చే సంచికలో ఒక పేజీ కేటాయించి, ఏ రిజిస్టరులోనూ ఎక్కని సాయం తనకు చేసిన ఒక్కరి పేరు రాసి పంపమని ప్రతి సభ్యుణ్ణీ అడగండి. ఆ పేజీకి నా వంతుగా, పెట్రోమాక్స్ దీపం పట్టుకున్న అటెండరు పేరు రాసి ఈ వ్యాసంతోపాటే పంపుతున్నాను.